ఏజెన్సీ రద్దు చేస్తే ఏం చేయొచ్చు?

విశాఖలో స్టీమర్ ఏజెంట్ల ఆఫీసుకో, ఉక్కు అమ్మే కన్‌సైన్‌మెంట్ ఏజెన్సీకో ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? అయితే ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండండి: 'కంపెనీ ఉన్నట్టుండి ఏజెన్సీ రద్దు చేసింది. మీరేం చేస్తారు?'

'ఒప్పందం రిజిస్టరైంది కాబట్టి రద్దు చేయలేరు' అన్నారో, దొరికిపోయినట్టే! యూఏఈలో ఏజెన్సీని ఆర్థిక మంత్రిత్వ శాఖలో నమోదు చేయిస్తేనే వాణిజ్య ఏజెన్సీల చట్టం రక్షణ ఉంటుంది. మన దగ్గర అలాంటి రిజిస్టరు లేదు.

మనకు ఆధారం 1872 నాటి కాంట్రాక్టు చట్టం. గాజువాకలో ఒకాయన మూడేళ్ల ఒప్పందాన్ని నమ్మి అప్పు తెచ్చి గోడౌన్ తీసుకున్నాడనుకుందాం. ఏడాదికే కంపెనీ సరైన కారణం లేకుండా వద్దంది. సెక్షన్ 205 కింద ఆయన పరిహారం అడగొచ్చు. తగిన నోటీసు ఇవ్వకపోతే ఆ నష్టానికి సెక్షన్ 206 ఉంది. గోడౌన్‌లో సరుకు మాటేమిటి? దాని మీద రావాల్సిన కమీషన్, ఖర్చులు చేతికొచ్చేదాకా సెక్షన్ 221 కింద ఆపుకోవచ్చు, ఒప్పందం కాదనకపోతే. ఆపుకోవడం వరకే, అమ్ముకునే హక్కు కాదు. ఈ సెక్షన్ కింద పాత బాకీలన్నిటికీ కలిపి ఆపుతానంటే కూడా కుదరదు. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

మరి ఏజెన్సీ తిరిగి వస్తుందా? సాధారణంగా రాదు. అమృత్‌సర్ గ్యాస్ సర్వీస్ కేసు (1991)లో 30 రోజుల నోటీసుతో రద్దు చేసుకునే షరతు ఉంది. అందుకే సుప్రీంకోర్టు డిస్ట్రిబ్యూటర్‌షిప్ తిరిగి ఇప్పించలేదు, ఆ 30 రోజుల నష్టానికే పరిహారం పరిమితం చేసింది. పైన మన గాజువాక ఆయన ఒప్పందంలోనూ అలాంటి షరతుంటే మూడేళ్ల లెక్క నెలకు కుదించుకుపోతుంది!

ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటే దారి అటే. లేకుంటే, రూ.3 లక్షలు, అంతకు పైబడిన వివాదం వాణిజ్య కోర్టుకు వెళ్తుంది. అత్యవసర ఉత్తర్వులు అక్కర్లేని కేసైతే ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. 2022లో పాటిల్ ఆటోమేషన్ తీర్పు ఆ సంగతి తేల్చేసింది. దావాకు గడువు మామూలుగా మూడేళ్లు.

ఇంకొకటి, ఏ ఊరి కోర్టు? స్వస్తిక్ గ్యాసెస్ (2013) జైపూర్‌లో కన్‌సైన్‌మెంట్ ఏజెంటు. ఒప్పందంలో కోల్‌కతా కోర్టుల పరిధి అని రాసుంది. 'మాత్రమే' అన్న మాట లేకపోయినా కోల్‌కతాకే వెళ్లమంది సుప్రీంకోర్టు. ఇంటర్వ్యూలో నమూనా ఒప్పందం చేతికిస్తే ముందు చివరి పేజీల్లో ఆ లైన్ వెతకండి.