సముద్రపు మడ్డిలో వానల చరిత్ర

కూకట్‌పల్లిలో కురిసిన వాన ఎచ్చటికి పోవును? నాలాలోబడి హుస్సేన్‌సాగరు చేరును. ఆ చెరువు పొర్లిన నీరు మూసీలో కలియును. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలోను, కృష్ణ హంసలదీవి వద్ద బంగాళాఖాతములోను కలియుచున్నవి. నీటితోపాటు మట్టియు కొంత పోవును. ఇప్పుడు ఆనకట్టలు ఆ మట్టిని చాలవరకు నిలిపివేయుచున్నవి గాని, అవి లేని కాలమున వేలయేండ్లపాటు మన మెరక నేలల మట్టి కడలి అడుగున పొరమీద పొరగా పేరుకొనుచు వచ్చినది.

కూకట్‌పల్లికి దాపుననే, ప్రగతినగరులో, భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము ఉన్నది. 1999లో ఏర్పడిన ఈ సంస్థ జాలరులకు చేపలు దొరకుచోట్లను తెలుపుచున్నది. సునామీ హెచ్చరికలను పంపుచున్నది. నేటి కడలి స్థితిని కొలుచుటకు యంత్రములు కలవు. మరి నాలుగువేల యేండ్లక్రిందట కడలి యెట్లుండెను? వానలు ఏ తీరున కురిసెను? మన వాతావరణ శాఖ ఏర్పడినదే 1875లో. అంతకు పూర్వపు సంగతి తెలియవలెనన్న సముద్రపు మడ్డినే అడుగవలెను.

గవ్వలలోని గుర్తులు

సముద్రములో ఫొరామినిఫెరా అను ఏకకణ జీవులు కలవు. ఇవి ఇసుక రేణువంత ఉండును. నీటిలోని సున్నమును గ్రహించి తమచుట్టు గుల్లను కట్టుకొనును. చచ్చిన పిదప ఆ గుల్లలు అడుగునకు దిగి మడ్డిలో నిలిచిపోవును. గుల్ల కట్టిననాటి నీటి లక్షణములు దానిలో మిగిలియుండును.

ఎట్లన, ఆక్సిజన్ పరమాణువులు అన్నియు ఒకే బరువు గలవి కావు. అధిక భాగము 16 భారము గలవి. వేయింటికి సుమారు రెండు 18 భారము గలవి. వడ్లు తూర్పారబట్టునప్పుడు తాలు గాలికిపోయి, గట్టిగింజ దగ్గరనే పడుట మనమెరుగుదుము. సముద్రపు నీరు ఆవిరియగునప్పుడును తేలికరకము సులభముగా లేచిపోవును. అందుచేత వాననీటిలోను, నదులనీటిలోను బరువు ఆక్సిజన్ తక్కువ. మంచుయుగమున తేలికనీరు మంచుగడ్డలై నేలమీదనే ఉండిపోగా, కడలిలో బరువురకము పాలు పెరిగెను. సుమారు 20,000 యేండ్లక్రిందట సముద్రమట్టము ఇప్పటికంటె దాదాపు 120 మీటర్లు తగ్గియుండెను.

నీరు చల్లబడినను గుల్లలో బరువు ఆక్సిజన్ హెచ్చును. కావున ఒక్క కొలతలో మూడు కారణములు కలిసియున్నవి: మంచు, చలి, నదులనీరు. వీనిని విడదీయుట ఎట్లు? నీరు వెచ్చగా ఉన్నకొలది గుల్లలో మెగ్నీషియము ఎక్కువగా చేరును. దానివలన వేడి తెలియును. మంచు ఎంతయున్నదో ప్రపంచపు ఇతర సముద్రముల మడ్డి చెప్పును. ఈ రెంటిని తీసివేయగా మిగిలినది నదులనీటి లెక్క. బంగాళాఖాతమున నదులనీరు హెచ్చిన, వర్షములు బలముగా కురిసినవని అర్థము.

ఈ మార్గమునకు పునాది వేసినవాడు హెరాల్డ్ యూరీ (1947). 1955లో చేజారే ఎమిలియాని దీనిని సముద్రపు మడ్డికి విరివిగా వర్తింపజేసెను. ఆక్సిజన్ మార్పులలో పెద్దపాలు మంచుదేనని 1967లో నికొలస్ షాకిల్టన్ వాదించెను. పొరల వయస్సును కార్బన్-14 తెలుపును. ఇది 5,730 యేండ్లకు సగమగును. సుమారు 50,000 యేండ్లవరకు పనికివచ్చును.

గోదావరి చెప్పిన కథ

2006లో జాయిడెస్ రిజల్యూషన్ అను ఓడ, మంచువంటి గడ్డలలో బంధింపబడిన సహజవాయువును వెదకుచు, కృష్ణా గోదావరి తీరమునకు ఎదురుగా సముద్రపు అడుగును తొలిచి గొట్టములలో మడ్డిని పైకి తీసెను. గోదావరి ముఖద్వారమున కెదురుగా తీసిన అట్టి గొట్టమునొకదానిని కామిలో పాంటన్, లివియు జోసాన్ మొదలగువారు పరీక్షించి, ఫలితములను 2012లో ప్రకటించిరి.

వారు గుల్లలతోపాటు ఆకులమీది మైనమునుకూడ కొలిచిరి. చెట్లు, వరి మొదలైనవి కార్బన్‌ను గ్రహించు పద్ధతి వేరు. జొన్న, ఎండనేలల గడ్డి గ్రహించు పద్ధతి వేరు. రెండవ తెగ మైనములో బరువు కార్బన్ (13) ఎక్కువ. ఆకు కుళ్లినను మైనము చాలకాలము చెడదు. ఏటివెంట కొట్టుకొనిపోయి మడ్డిలో చేరును. లెక్కచూడగా, సుమారు 4,000 యేండ్లక్రిందటినుండి 1,700 యేండ్లక్రిందటివరకు గోదావరి పరీవాహక ప్రాంతమున ఎండకోర్చు మొక్కలు క్రమముగా పెరిగినట్లు తేలినది. అనగా మన దక్కను నేల మెల్లమెల్లగా ఎండినది.

ఇందులో మరియొక వింత కలదు. వాన తగ్గిన ఏరు తెచ్చు మట్టియు తగ్గవలెను గదా! కాని ఆ కాలముననే ఒండ్రు హెచ్చినది. నియోడైమియము అను లోహపు ఐసోటోపులనుబట్టి చూడగా, అందు ఎగువనున్న నల్లరాతి నేలల పాలు పెరిగినట్లు 2017లో తెలిపిరి. కారణమేమి? చెట్టుచేమ పలుచబడిన నేలను కొద్దివానయైనను కోసివేయును. ఆ కాలముననే దక్కనులో సేద్యము వ్యాపించుటయు ఇందుకు తోడ్పడియుండునని వారి అభిప్రాయము.

ఇట్టి సాక్ష్యమును తొందరపడి నమ్మరాదు. మడ్డిలోని పురుగులు పొరలను కలియబెట్టును. లోతునీరు గుల్లలను కరగించును. అందుచేతనే గుల్ల, మైనము, లోహము అను వేర్వేరు సాక్షులను విచారించి, పొసగినదానినే గ్రహింతురు.

మనకేమి లాభము?

అదే ఓడ 2014-15లో మహానది కెదురుగా మరల మడ్డిని తీసినది. దానినిబట్టి గడచిన తొమ్మిదిలక్షల యేండ్ల వానలను పరిశీలించి, గాలిలో బొగ్గుపులుసు వాయువు హెచ్చినప్పుడు ఋతుపవనములు బలపడినవని 2021లో ప్రకటించిరి. ఆ వాయువు నేడు మనచేతనే హెచ్చుచున్నది. కావున పెద్దవానలకు సిద్ధపడుట అవసరము. 2020 అక్టోబరులో హైదరాబాదును ముంచిన వరద మనకు గుర్తున్నది.

గోదావరి మడ్డి నేర్పు పాఠమును దీనికి జతపరుపవలెను. వాన హెచ్చుతగ్గులు మన చేతిలోనివి కావు. నేలమీద పచ్చని కప్పును, నీరుపోవు దారిని కాపాడుకొనుట మన చేతిలోని పని. మనము నేడు చేయుచున్న పనికూడ ఆ అడుగుపొరలలో చేరుచునే ఉన్నది.