పలువురు దిద్దిన పుట

తెలంగాణమున కవులు లేరను మాట ఒకప్పుడు వినవచ్చెను. దానికి సమాధానము గ్రంథరూపమున వచ్చినది. పాలమూరు సీమలో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించెను. అందు 354 మంది కవుల రచనలు చేరినవి. పలువురు తలకొక చేయి వేయనిదే అట్టి కార్యము సాగదు గదా!

ఆ పాలమూరు సీమలోనిదే కల్వకుర్తి. 2016 నుండి అది నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. అచ్చటి విద్యార్థి పాఠ్యపుస్తకములో ఢిల్లీ సుల్తానుల చరిత్ర చదువును. తన ఊరి చెరువు చరిత్ర మాత్రము అందు కానరాదు. ఆ కొరత తీర్చుకొనుటకు ‘వికీ’ యను సాధనము నేడు కలదు.

వికీ హవాయి భాషాపదము. ‘త్వరగా’ అని దాని అర్థము. 1995లో అమెరికా దేశీయుడు వార్డ్ కనింగ్‌హామ్ మొదటి వికీని నెలకొల్పెను. ఒకరు వ్రాసినది మరియొకరు దిద్దవచ్చునని దాని సూత్రము. ఆ సూత్రముపైననే 2001లో వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా వెలసినవి. తెలుగున నేడు లక్షకు మించిన వ్యాసములు కలవు.

కల్వకుర్తిలో నొక ఉపాధ్యాయుడు ‘మన ఊరి నీరు’ అను విషయమును తరగతి వికీలో పెట్టెననుకొందము. ఒకరు చెరువును గూర్చి, ఒకరు బావులను గూర్చి, వేరొకరు శ్రీశైలం జలాశయము నుండి కృష్ణాజలములను మెట్ట కెత్తు మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకమును గూర్చి వ్రాయుదురు. చెరువు క్రింది ఆయకట్టు ఎంతయో ఇద్దరు రెండు విధములుగా వ్రాసిరి. ఏది నిజము? పెద్దల నడుగవలెను, కాగితములు చూడవలెను. అసలు చదువు అచ్చట మొదలగును.

చిక్కులును లేకపోలేదు. చురుకైనవాడు అంతయు తానే వ్రాయును, తక్కినవారు చూచుచుందురు. మిత్రుని వాక్యము కొట్టివేయుటకు కొందరు జంకుదురు. కావున ప్రతివాడు ఒక భాగము వ్రాసి, మరియొకని భాగమును కారణము చూపి దిద్దవలెనని నియమము పెట్టవలెను. పుట చరిత్రలో ఎవరు ఎప్పుడు ఏమి మార్చిరో నిలిచియుండును. పాత పాఠము నశింపదు. గైడు చూచి ఎత్తివ్రాసిన వ్యాసములో ఉపాధ్యాయునికి ఈ శ్రమజాడ దొరకదు.

మరియొక హెచ్చరిక. వికీపీడియాలో అచ్చయిన ఆధారము లేని మాట నిలువదు. అవ్వ చెప్పిన కరవు కథను, ఆమె అనుమతితో, తరగతి వికీలోనే భద్రపరచవలెను. యంత్రములు చాలని బడిలో, అంచు విడిచిన పెద్ద నోటుపుస్తకము చేతులు మారినను ఈ పని సాగును.

తన ఊరిని గూర్చి ఎవరును వ్రాయలేదని చింతించు విద్యార్థి, తోటివారితో కూడి మొదటి వాక్యము తానే వ్రాయవచ్చును. తప్పున్నచో దిద్దుటకు ప్రక్క బల్లపై మిత్రుడు కలడు.