గెంతే పిల్లాడు లావెందుకవుతాడు?

"ఒక్కచోట కూర్చోడు, రోజంతా గెంతుతూనే ఉంటాడు. అయినా ఈ లావేమిటే అమ్మాయ్!" మా చిన్నవాణ్ణి చూసి మా అత్తగారు అనేమాట ఇది. "ఇంకెంత తింటావురా?" అని నలుగురిలో నేను వాణ్ణి కసిరిన రోజులూ ఉన్నాయి. తొమ్మిదో ఏట వాడికి ఏ.డి.హెచ్.డి. అని డాక్టరుగారు చెప్పాకగానీ అసలు సంగతి బోధపడలేదు.

ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, ముందూ వెనకా చూడకుండా పని చేసెయ్యడం దీని లక్షణాలు. ఇది మన పెంపకంలో లోపం కాదు, మెదడు ఎదుగుదలకి సంబంధించిన సమస్య. ఆ తొందర చదువులోనే కాదు, తిండిలోనూ ఉంటుంది. కడుపు నిండిందని తెలిసేలోపే మారు అన్నం కూడా అయిపోతుంది. వేళకి తినడం మరచిపోయి, ఆనక జంతికల డబ్బా ఖాళీ చేస్తారు. చాలామందికి నిద్ర సరిగా పట్టదు. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది కూడాను.

2016లో వైద్యులు 42 అధ్యయనాలు కలిపి చూశారు. ఈ సమస్య ఉన్న పిల్లల్లో నూటికి 10 మందికి, లేనివాళ్ళలో 7 మందికి స్థూలకాయం కనిపించింది. అంటే అందరూ లావైపోతారని కాదు సుమా! మందు వాడుతున్నవాళ్ళలో ఈ తేడా కనబడలేదు.

మా ఇంట్లో మందు మొదలయ్యాక కథ తిరగబడింది. మిథైల్‌ఫెనిడేట్ మాత్రకి ఆకలి తగ్గుతుంది. బడికి పంపిన క్యారేజీ పంపినట్టే తిరిగొచ్చేది. రెండు నెలల్లో రెండు కిలోలు తగ్గాడు. భయపడి, ఎవరికీ చెప్పకుండా మూడురోజులు మాత్ర దాచేశాను. డాక్టరుగారు విని, "మానెయ్యాల్సింది మాత్ర కాదమ్మా, మార్చాల్సింది భోజనం వేళలు" అన్నారు. అప్పట్నుంచీ నేను చేస్తున్నవి ఇవి:

• పొద్దున్నే పెసరట్టో, ఇడ్లీ-గుడ్డో కడుపునిండా పెట్టి, తర్వాతే మాత్ర.

• మధ్యాహ్నానికి కొంచెం పెరుగన్నం, గుప్పెడు వేరుశనగలు. బలవంతం లేదు.

• సాయంత్రం మందు ప్రభావం తగ్గి ఆకలి వేస్తుంది. అసలు భోజనం అప్పుడే.

• చిరుతిండి డబ్బాతో ఇవ్వను, ప్లేటులో పెడతాను. తినేటప్పుడు టీవీ, సెల్‌ఫోన్ ఉండవు.

• బరువు, ఎత్తు కేలండరు వెనక రాస్తాను. పదేళ్ళు, అంతకు తక్కువ వయసు పిల్లలు మందు వాడుతుంటే మూడునెలలకోసారి బరువు, ఆరునెలలకోసారి ఎత్తు చూడాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే, లావైనా సన్నమైనా మీ అంతట మీరు పస్తు పెట్టకండి, మాత్ర ఆపకండి. ఆ రాసిన కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అన్నిటికన్నా ముందు, నాలా నలుగురిలో కసరకండి. నా మాటకి వాడు సగంలో కంచం వదిలి లేచిపోయిన రోజు నేనింకా మరచిపోలేదు.