హాలీ, కల్దారు: ఎల్లలెరుగని ధరలు

తార్నాక అను పేరు ఎట్లు వచ్చినదని అడిగినచో, తీగకంచె వేసిన నాకా ఒకటి ఇచ్చట ఉండెడిదని చెప్పుదురు. నాకా యనగా వచ్చిపోవు బండ్లను ఆపి చూచు చోటు. హైదరాబాదు రాజ్యపు సరిహద్దులందును ఇట్టివి అనేకము ఉండెడివి. కరోడ్‌గిరి శాఖవారు అచ్చట సరుకులపై సుంకము వసూలు చేసెడివారు. బండిని ఆపవచ్చును. బండిలోని బస్తా ధరను ఆపగలిగిరా? ఒక దేశపు ఆర్థికపు ఒడుదొడుకులు మఱియొక దేశమునకు ఎట్లు ప్రాకునో తెలిసికొనుటకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము మనకు కానరాదు.

హైదరాబాదుకు సొంత నాణెము ఉండెడిది. దాని పేరు ఉస్మానియా సిక్కా, వాడుకలో హాలీ. బ్రిటిషు ఇండియా రూపాయిని కల్దారు అనెడివారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు మారకము. అనగా నూరు కల్దార్లకు నూటపదహారు హాలీలు, పైన కొంత చిల్లర. పెండ్లిండ్లలో నూటపదహార్లు చదివించు ఆచారము దీనినుండియే పుట్టినదని కొందరందురు. అది కథయే కావచ్చును గాని, లెక్క మాత్రము సరిపోవును. ఈ కల్దారు మరల 1 షిల్లింగు 6 పెన్నీల చొప్పున ఇంగ్లండు పౌనుకు కట్టబడి యుండెను. పౌను 1931 సెప్టెంబరు వరకు బంగారమునకు కట్టబడి యుండెను. హాలీపై ముద్ర చార్మినారుదే గాని, దాని మెడకు కట్టిన త్రాడు కొస లండనులో ఉండెనన్నమాట.

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కూలెను. నల్లగొండ రైతుకు షేరనగా ఏమో తెలియదు. కాని అతడు ఆముదము పండించును. ఆ నూనె విదేశములందు యంత్రములకు కందెనగా వాడుదురు. యంత్రములు ఆగినచో నూనెకు గిరాకి ఉండదు; ఓడరేవులోని ఎగుమతిదారు ధర తగ్గించును; అతని మాట విని పట్టణపు వర్తకుడు తగ్గించును; చివరకు పల్లెలోని షావుకారు త్రాసు ముందు తగ్గుదల అంతయు రైతు మీదికి వచ్చును. నాలుగేండ్లలో మన దేశమున పంటల ధరలు ఇంచుమించు సగమునకు పడిపోయినవి. అయితే శిస్తు తగ్గలేదు, పత్రము మీద వ్రాసియిచ్చిన అప్పు తగ్గలేదు. ఒక బస్తాతో తీరవలసిన బాకీకి రెండు బస్తాలు కావలసివచ్చెను. ధరలు పడుట కొనువారికి పండుగ అని తలచువారు ఈ సంగతి మరచుచుందురు. ఆ కాలమున దేశమంతటను పల్లెలనుండి బంగారము అమ్ముడై ఓడలెక్కెను. ఎస్. కేశవయ్యంగారు హైదరాబాదు రాజ్యపు గ్రామములను ఒకమారు 1929-30లోను, మరల 1949-51లోను పరిశీలించి గ్రంథములు వెలువరించిరి. ఆ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుట మంచిది. మాంద్యమును, యుద్ధకాలపు ద్రవ్యోల్బణమును వాని నడుమనే జరిగినవి.

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల భవనమునకు 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవము జరిగెను. ఐరోపాలో యుద్ధము మొదలై అప్పటికి మూడు మాసములైనది. ఈమారు వచ్చిన వ్యాధి తలక్రిందులైనది: ధరలు పడుట కాదు, పెరుగుట. బ్రిటిషు ప్రభుత్వము యుద్ధమునకు కావలసిన సరుకులు ఇచ్చట కొని, వెలను లండనులో మన ఖాతాకు పౌనులుగా జమ కట్టెను. ఆ జమను పూచీగా చూపి రిజర్వు బ్యాంకు ఇచ్చట నోట్లు అచ్చువేసెను. యుద్ధము ముగియునాటికి చలామణిలోని నోట్లు సుమారు ఆరు రెట్లయినవి. సరుకులు మాత్రము పెరుగలేదు. 1942లో బర్మా జపానువారి వశమగుటతో అచ్చటి బియ్యము రాక నిలిచిపోయెను.

ఇది బ్రిటిషు ఇండియా సంగతి గదా, హాలీ వాడువారికి ఏమి? బెజవాడలో బియ్యపు ధర పెరిగినదనుకొనుడు. ఖమ్మము వర్తకుడు తన బియ్యమును అటు పంపజూచును. వచ్చిన కల్దార్లను స్థిరమైన రేటుకు హాలీగా మార్చుకొనును. ఇచ్చట బియ్యము తగ్గెను, హాలీలు పెరిగెను; ధర ఎక్కక ఏమి చేయును? ప్రభుత్వము ఎగుమతిని నిషేధించి, రైతులనుండి లెవీ ధాన్యము వసూలు చేసెను. దాని భారము ఎవరిపై పడినదో తెలంగాణపు పల్లెలు మరువలేదు.

మారకపు రేటును మార్చి హాలీ విలువను పెంచియుండరాదా యని అడుగవచ్చును. పెంచినచో బయటి సరుకు చౌకయగును; కాని బయటికమ్మి బ్రతుకు పత్తి, ఆముదపు రైతులకు చేతికి వచ్చు హాలీలు తగ్గును. రేటు పరుల చేతిలో నున్నంతవరకు సొంత నాణెము సొంత ముద్రయే గాని సొంత రక్షణ కాదని నా అభిప్రాయము. నాణెమును వేరుచేయు ప్రయత్నము 1947 చివర జరుగకపోలేదు. నిజాము ప్రభుత్వము భారత రూపాయి తమ రాజ్యమున చెల్లదని ఆజ్ఞ జారీచేసెను. మరుసటి యేట దిగ్బంధము వచ్చి, సరుకుల కొరతచేతనే ధరలు బాధించినవి. హాలీ చలామణి 1959లో పూర్తిగా ముగిసెను.

నేటి రూపాయి 1993 నుండి ఏ విదేశపు నాణెమునకును స్థిరముగా కట్టబడి లేదు. అయినను త్రోవలు మూతపడలేదు. 1973లో అరబ్బు దేశముల చమురు ధర నాలుగింతలైనపుడు మన బస్సు చార్జీల వరకు ఆ సెగ తగిలెను. 2022లో ఉక్రెయిన్ యుద్ధముతో పొద్దుతిరుగుడు నూనె రాక తగ్గెను. ఏప్రిలు 28న ఇండోనేషియా పామాయిలు ఎగుమతిని నిషేధించెను. మనము వాడు వంటనూనెలో సగమునకు మించి దిగుమతియే. ఎంత నూనె తినవలెనో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ గ్రాములలో చెప్పుచున్నది. అదే వీధిలో బజ్జీల మూకుడులో ఎంత పోయవలెనో ఆ నెల జకార్తా నిర్ణయించెను. నిషేధము మే 23న తొలగినది, ధర దిగసాగెను. కాని అమెరికా కేంద్రబ్యాంకు వడ్డీ పెంచుచుండుటచే పెట్టుబడులు అటు మరలి, జూలైలో డాలరు తొలిసారి 80 రూపాయలను దాటెను. నూనె కొనవలసినది డాలర్లతోనే గనుక, అచ్చట తగ్గిన దానిలో కొంత భాగము ఇచ్చటికి చేరకమునుపే కరగిపోయెను.