పిల్లల సీటు బెల్టు అదనపు పరికరాలు

పిల్లల సీటు బెల్టు అదనపు పరికరాలు అనగా కారు తయారీదారు గాని, పిల్లల సీటు తయారీదారు గాని ఇవ్వకుండా, బయట విడిగా కొని సీటు బెల్టుకు తగిలించే వస్తువులు. బెల్టును మెడ నుండి క్రిందికి లాగే త్రికోణపు గుడ్డ పట్టీలు, బిగింపు క్లిప్పులు, భుజం మెత్తలు, బకిల్ పొడిగింపులు, అలారం మోగకుండా ఆపే క్లిప్పులు ఈ కోవలోకి వస్తాయి. ఇవి సౌకర్యం కొరకు తయారైనవే అయినా, వీటిలో చాలావరకు ప్రమాద సమయంలో బెల్టు చేయవలసిన పనికి అడ్డు వస్తాయి.

నేపథ్యం

హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి (ప్రస్తుత సంఖ్య 65, పూర్వపు సంఖ్య 9) సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది. మిర్యాలగూడ నార్కెట్‌పల్లి - అద్దంకి రహదారిపై ఉన్నది. ఈ రెండు దారులలోను వాహనాలు అధిక వేగంతో నడుస్తాయి. 2014 డిసెంబరు 6న నందమూరి జానకిరామ్ సూర్యాపేట, కోదాడల మధ్య మునగాల మండలం ఆకుపాముల వద్ద జరిగిన ప్రమాదంలో మరణించాడు. ఆయన తండ్రి, నటుడు, మాజీ పార్లమెంటు సభ్యుడు నందమూరి హరికృష్ణ 2018 ఆగస్టు 29న నల్గొండ సమీపంలోని అన్నెపర్తి వద్ద జరిగిన ప్రమాదంలో మరణించాడు. హరికృష్ణ సీటు బెల్టు ధరించలేదని, కారులో నుండి బయటకు విసిరివేయబడ్డాడని అప్పటి వార్తాపత్రికలు తెలిపాయి.

బెల్టు పనిచేయు విధానం

నేడు వాడుకలో ఉన్న మూడు బిందువుల సీటు బెల్టును 1959లో వోల్వో సంస్థ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. ఇది శరీరంలో గట్టి ఎముకలపై, అనగా భుజం, రొమ్ము, తుంటి ఎముకలపై ఆనుకొని దెబ్బ తాలూకు బలాన్ని పంచుతుంది. ఇది పెద్దవారి కొలతలకు తయారైనది. చిన్నపిల్లలకు పై పట్టీ మెడకు తగులుతుంది, క్రింది పట్టీ తుంటి మీద నిలువక పొట్ట మీదికి జారుతుంది. అప్పుడు బలమంతా ప్రేగులు, కాలేయం, వెన్నెముకలపై పడుతుంది.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో పదవ వంతు కాలంలో ఆగిపోతే, 10 కిలోల బిడ్డను పట్టి ఉంచుటకు సుమారు 140 కిలోల బరువును మోసేంత బలం కావలెను. కనుక ఒడిలో కూర్చున్న బిడ్డను చేతులతో ఆపడం ఎవరికీ సాధ్యం కాదు.

పరికరాలు, వాటి లోపాలు

త్రికోణపు పట్టీ: ఇది పై పట్టీని క్రిందికి దించుతూనే క్రింది పట్టీని పొట్ట మీదికి లాగుతుంది, బెల్టును వదులు చేస్తుంది. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ 1994లో ఇటువంటి మూడు పరికరాలను పిల్లల బొమ్మలతో పరీక్షించినది. మూడేళ్ళ పిల్లవాని బొమ్మ విషయంలో పలు పరీక్షలలో ఇవి బెల్టు రక్షణను తగ్గించినట్లు తేలినది.

భుజం మెత్త: మందమైన మెత్త వలన బెల్టు శరీరానికి బిగుతుగా ఉండదు. ప్రమాదంలో మెత్త నలిగిపోగా ఏర్పడిన ఖాళీలో బిడ్డ ముందుకు జరుగుతుంది.

బకిల్ పొడిగింపు: దీని వలన బకిల్ తుంటి ప్రక్క నుండి పొట్ట మీదికి వస్తుంది.

అలారం ఆపే క్లిప్పు: ఇది బెల్టు పెట్టుకోనివారికి హెచ్చరిక అందకుండా చేస్తుంది. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వీటిని అమ్ముతున్న ఐదు ఆన్‌లైన్ విక్రయ సంస్థలపై ఉత్తర్వులు జారీ చేసినది. మొత్తం 13,118 అమ్మకపు ప్రకటనలు తొలగించబడ్డాయి.

చట్టం

2019 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను ప్రకారం, 14 సంవత్సరాలు నిండని పిల్లలకు సీటు బెల్టు గాని, పిల్లల రక్షణ సీటు గాని లేకుండా వాహనం నడిపినవారికి 1,000 రూపాయల జరిమానా విధిస్తారు. పిల్లల సీట్లకు భారతదేశంలో ఎ.ఐ.ఎస్-072 అను ప్రమాణం ఉన్నది. ఐక్యరాజ్య సమితి నిబంధనలు ఆర్-44, ఆర్-129 కూడా వీటికి సంబంధించినవే.

సరియైన పద్ధతి

బెల్టును బిడ్డ ఎత్తుకు దించడం కాక, బిడ్డను బెల్టు ఎత్తుకు లేపడం సరియైన మార్గం. బూస్టరు సీటు చేసే పని ఇదే. శిశువులను వెనుకకు తిరిగి ఉండే సీటులోను, తరువాత కొన్నేళ్ళు సొంత పట్టీలున్న సీటులోను, ఆపైన సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు బూస్టరు మీద కూర్చోబెట్టవలెను. వెనుకకు తిరిగి ఉండే సీటును, పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగు ఎదుట ఎన్నడూ అమర్చరాదు.

పిల్లవాడు వీపు సీటుకు ఆనించి కూర్చున్నప్పుడు మోకాళ్ళు సీటు అంచు వద్ద వంగి, క్రింది పట్టీ తొడల పైభాగాన, పై పట్టీ భుజం మధ్యగా ఉంటే బూస్టరు అవసరం తీరినట్లే. పై పట్టీని చంక క్రిందికి గాని, వీపు వెనుకకు గాని నెట్టరాదు. ఒకే బెల్టులో ఇద్దరిని బిగించరాదు. సీటుతో పాటు రాని ఏ వస్తువునైనా ఆ సీటు తయారీదారు అనుమతించినప్పుడే వాడవలెను.