కెమెరాకు ముందు కలం

పాటను దృశ్యాలుగా చిత్రించే ముందు విషయసేకరణ అవసరం. విద్యార్థులు బేతమంగళ చెరువు నేపథ్యంగా ఒక నాట్ల పాటను చిత్రించదలచారనుకోండి. ఇది పాలారు నీటితో నిండే చెరువు. కోలారు బంగారు గనులకు కూడ ఇక్కడి నుండి గొట్టాల ద్వారా నీరు వెళ్ళేది. 2001లో ఆ గనులు మూతబడ్డాయి. ఇవి తెలిస్తేనే ఏ దృశ్యం తీయాలో తోస్తుంది.

మొదట పెద్దలను కలిసి, పాటను వారు పాడినట్లే రాసుకోవాలి. చిత్రించడానికి వారి అనుమతి పొందాలి. చిత్రంలో వారి పేరు చూపాలి. పిదప ఏ చరణానికి ఏ దృశ్యమో, దానిని ఎక్కడ, ఏ వేళ తీయాలో పట్టిక వేసుకోవాలి.

చిత్రం చెడితే మళ్ళీ తీయవచ్చు. రాసుకోని పాట పాడినవారితోనే పోతుంది.