గుడ్డ లంగోటీ

గుడ్డ లంగోటీ అనగా పసిపిల్లల మలమూత్రాలను పీల్చుకొనుటకు నడుముకు చుట్టే నూలు గుడ్డ. దీనిని న్యాపీ, గుడ్డ డైపరు అని కూడా అంటారు. ఒకసారి వాడి పారవేసే డైపరు వలె కాక దీనిని ఉతికి మరల మరల వాడవచ్చును. సరిగా ఉతకని లేదా పూర్తిగా ఆరని లంగోటీ వలన బిడ్డ చర్మం ఎర్రబడి పుండ్లు పడవచ్చును. నిలవచేసే పద్ధతి సరికాకపోతే కొందరు శిశువులకు ప్రాణాపాయం కూడా కలుగవచ్చును.

వాడుక

తెలుగు పల్లెలలో పాత నూలు చీరలను, పంచెలను చింపి లంగోటీలు చేయడం చిరకాలంగా ఉన్న అలవాటు. పలుమార్లు ఉతికిన నూలు మెత్తబడి తడిని బాగా పీల్చుకొంటుంది. పురుటి బట్టలు ఉతకడం పూర్వం చాకలివారి పనిగా ఉండేది. వారు బట్టలను చవుడు నీటిలో తడిపి, బానలో ఉడికించి, రేవులో ఉతికి ఎండలో ఆరవేసేవారు. ఇప్పుడు ఈ పని ఎక్కువగా ఇంటిలోనే జరుగుతున్నది. అమెరికాలో 1961లో పాంపర్స్ వచ్చిన తరువాత పారవేసే డైపర్లు క్రమంగా ప్రపంచమంతటా వ్యాపించాయి.

ఉతికే విధానం

* మలాన్ని ముందుగా మరుగుదొడ్డిలో దులపాలి. పసిబిడ్డ మలంలోనూ రోగక్రిములుంటాయి కనుక కాలువలో, చెరువులో, బావి గట్టున ఉతకరాదు.
* మొదట చల్లని నీటిలో జాడించాలి. ముందే వేడినీరు పోస్తే మలంలోని మాంసకృత్తులు గడ్డకట్టి మరకలు నిలిచిపోతాయి.
* తరువాత సబ్బుతో వేడినీటిలో ఉతకాలి. బిడ్డకు విరేచనాలు గాని, శిలీంధ్రాల వలన కలిగే ఒరుపు గాని ఉన్నపుడు గుడ్డలను నీటిలో మరిగించడం మంచిది.
* నురుగు, జారుడు పోయేవరకు మంచినీటిలో రెండు మూడుసార్లు జాడించాలి.
* నేరుగా ఎండ తగిలేలా విప్పి ఆరవేయాలి.

మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమోనియాగా మారుస్తాయి. అమోనియా వలన చర్మంపై క్షారత పెరిగి, మలంలోని ఎంజైములు చర్మాన్ని దెబ్బతీస్తాయి. అందుచేత తడిసిన గుడ్డను వెంటనే మార్చాలి. ఉతికిన గుడ్డలో అమోనియా వాసన ఉంటే దానిని మరల ఉతకాలి. మూత్రపు గుడ్డలను బ్లీచింగు పొడిలో నానబెట్టరాదు. అమోనియాతో కలిసినపుడు దాని నుండి క్లోరమిన్ అనే విషవాయువు వెలువడుతుంది. బట్టలను మెత్తబరిచే ద్రవాలు గుడ్డ పీల్చే శక్తిని తగ్గిస్తాయి. నానబెట్టిన బకెట్టుపై మూత ఉండాలి. పాకే పిల్లలు అందులో తలకిందులుగా పడే ప్రమాదమున్నది.

నీరు, వర్షాకాలం

ఖమ్మం నుండి సత్తుపల్లి వెళ్ళే దారిలోని తల్లాడ వంటి ఊళ్ళలో బోరు నీరు కఠినంగా ఉన్నచోట, నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టుగా మారి గుడ్డకు పట్టుకొంటాయి. గుడ్డ గరుకుగా మారి బిడ్డ తొడలను ఒరుస్తుంది. సబ్బు ఎక్కువ వేయడం వలన తెట్టు పెరుగుతుందే గాని తగ్గదు. ఇటువంటి చోట వాననీరు గాని, కాచి తేర్చిన నీరు గాని వాడవచ్చును. కుంకుడుకాయల రసానికి ఇటువంటి తెట్టు కట్టదు. అయితే అది కళ్ళకు, చర్మానికి మంట కలిగిస్తుంది కనుక బాగా జాడించాలి.

జూన్ నుండి సెప్టెంబరు వరకు ముసురు పట్టినపుడు గుడ్డలు ఆరవు. చెమ్మ గుడ్డలలో శిలీంధ్రాలు పెరుగుతాయి. గాలి ఆడే వసారాలో ఆరవేసి, మిగిలిన చెమ్మను ఇస్త్రీతో పోగొట్టాలి. పొయ్యి మీద పొగలో ఆరబెట్టరాదు. రోజుకు పది పన్నెండు గుడ్డలు మార్చవలసి వస్తుంది కనుక వర్షాకాలంలో ముప్పై వరకు ఉంచుకోవడం మేలు.

నిలవచేయడం: కలరా ఉండల ప్రమాదం

పెట్టెలలో దాచిన పాత చీరల నడుమ కలరా ఉండలు వేయడం మామూలు. ఇవి సాధారణంగా నాఫ్తలీన్‌తో చేసినవి. దీని ఆవిరి గుడ్డకు పట్టి, శ్వాస ద్వారా, చర్మం ద్వారా బిడ్డ శరీరంలోకి చేరుతుంది. పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న శిశువులలో ఎర్ర రక్తకణాలు పగిలి, రక్తహీనత, తీవ్రమైన కామెర్లు వస్తాయి. కామెర్ల పదార్థమైన బిలిరుబిన్ మెదడుకు చేరితే శాశ్వత వైకల్యం గాని, మరణం గాని కలుగవచ్చును.

మలేరియా చిరకాలంగా ఉన్న ప్రాంతాల ప్రజలలో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. భద్రాచలం ఏజెన్సీ అడవులు అటువంటి మలేరియా ప్రాంతమే. ఈ లోపం ఆడపిల్లల కంటె మగపిల్లలలో ఎక్కువ. బయటికి ఏ లక్షణమూ లేకపోవడం వలన పరీక్ష చేయనిదే తెలియదు. కాబట్టి కలరా ఉండలతో దాచిన బట్టలను పసిబిడ్డకు లంగోటీగా గాని, పక్కగుడ్డగా గాని వాడరాదు. ఒకసారి ఉతికినంత మాత్రాన నాఫ్తలీన్ పూర్తిగా పోయిందని భావించరాదు. బిడ్డ లంగోటీలను ఎండబెట్టి, మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో విడిగా ఉంచాలి. బిడ్డ కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, పాలు తాగక మత్తుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. కలరా ఉండలు తగిలిన సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.